పులస వేలం కాదు, పులసకు ఛుట్టీ కావాలి



ఎర్రనీటి మౌసమ్ వస్తే చాలు, టీవీలో, ఫోన్లలో ఒకటే తమాషా. యానాంలో పులస వేలం. చేపను రెండు చేతుల్లో ఎత్తి చూపిస్తారు, పాట సాగుతుంది, ఒక్క చేప 20,000 రూపాయలు దాటిందని వార్త. వేలంలో కొన్నామె దాన్ని ఇంకో వెయ్యో రెండు వేలో కలిపి ఏ పెద్దమనిషికో అమ్ముతుంది. తినే షౌకీన్ కబురు వస్తుంది, ధర కబురు వస్తుంది. పట్టిన గరీబు రాత్రంతా నీళ్ళ మీద ఎలా గడిపాడో ఎవరూ అడగరు. ఆ చేప వచ్చే ఏడు వస్తుందా అన్న సవాల్ అసలే లేదు. నా గుస్సా అందుకే.

మా బోనకల్లో నేను చిచ్చా అని పిలిచే ఒక పెద్దాయన ఉన్నాడు. ఈ మాటే ఎత్తితే నవ్వాడు. "బేటా, మన వైపు పారేది వైరా ఏరు. అది పోయి కృష్ణలో కలుస్తుంది. గోదావరి చేప కోసం నువ్వెందుకు పరేషాన్?"

"చిచ్చా, 2016 దాకా భద్రాచలం మన ఖమ్మం జిల్లాలోదే కదా! ఆ దరియా మనది కాదని ఎట్లా అంటాం? పైగా పులస కూర కోసం పైసలు గుమ్మరించే షౌకీన్లు మన దగ్గర లేరా? తినేటప్పుడు మనది, అడిగేటప్పుడు పరాయిదా?" అన్నాను. చిచ్చా మళ్ళీ మాట్లాడలేదు.

ముందు హకీకత్ తెలుసుకుందాం. ఈ చేప సముద్రంలో పై నీళ్ళలో గుంపులు గుంపులుగా తిరుగుతుంది. అక్కడ దాని పేరు ఇలస. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు తగలగానే, ఉప్పు నీళ్ళు వదిలి మొగలోకి వస్తుంది. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. యానాం దగ్గర గౌతమి, అంతర్వేది దగ్గర వశిష్ఠ. తీపి నీళ్ళకు ఎదురీదితేనే దాన్ని పులస అంటారు. అది షికారుకు రావడం లేదు జనాబ్, గుడ్లు పెట్టడానికి వస్తోంది. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, ఆ తర్వాత సముద్రానికి దిగుతాయి.

పట్టేవాడి సంగతి వినండి. చిన్న పడవ, ఇద్దరు మనుషులు. ఒకరు పడవను నిలబెడితే ఒకరు వల వదులుతారు. పైన తేలే బెండ్లు, కింద బరువులు. వల నీళ్ళలో పరదాలా నిలబడి ప్రవాహంతో పాటే జారుతుంది. ఎదురొచ్చే పులస తల వల కన్నులో దూరుతుంది. ముందుకు పోలేదు, వెనక్కి వద్దామంటే మొప్పలు పట్టేస్తాయి. వినడానికి ఆసాన్‌గా ఉంది కదా? వరద గోదావరి మీద, కొట్టుకొచ్చే దుంగల మధ్య, చీకట్లో ఆ పని చేసి చూడండి. గంటల తరబడి తిరిగి ఖాళీ వల లాగే రోజులే ఎక్కువ. వలకు కర్జా, ఇంజనుంటే డీజిల్‌కు కర్జా. ఒక్క పులస పడితే ఆ పైసలు ముందు షావుకారు హిసాబ్‌లోకే పోతాయి.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. ఎవరి పుస్తెలు భాయ్? తినేవాడు తన ఇంటి పుస్తెలు అమ్మిన దాఖలా నేనెక్కడా చూడలేదు. ఆ సామెతలో నాలుక ఉంది, పడవ లేదు.

ఇక చేప తగ్గిపోయిందంటే అందరి వేలూ ఆ పడవ వైపే. "పట్టీ పట్టీ ఖతం చేశారు" అంటారు. చిన్న కన్ను వలలు వేసి పిల్ల చేపల్ని ఊడ్చేయడం తప్పే, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ పూరా ఇల్జామ్ ఆ గరీబు మీదే వేస్తే ఇన్సాఫ్ అవుతుందా? 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టింది పడవవాడు కాదు. ఆ ఆనకట్టతో డెల్టా పచ్చబడింది, లక్షల మందికి అన్నం దొరికింది. కాటన్ దొరకు దండలు వేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే గోడ పులస దారికి అడ్డం పడిందని కూడా రాయండి. పాత ఆనకట్ట జాగాలో 1982 నాటికి 175 గేట్లతో కొత్త బ్యారేజీ వచ్చింది. వరద ముదిరి గేట్లన్నీ లేపిన రోజుల్లో కొన్ని చేపలు దాటొచ్చు. గేట్లు దించారంటే దర్వాజా బంద్.

ఇప్పుడు పోలవరం స్పిల్‌వేలో చేపల నిచ్చెన పెట్టారు, పులస పైకి ఎక్కడానికట. బహుత్ అచ్ఛా! కానీ సముద్రం నుంచి వచ్చే చేపకు ముందు ఎదురయ్యేది ధవళేశ్వరం. కింది దర్వాజా మూసి పై అంతస్తుకు మెట్లు కట్టామంటే నవ్వాలా, ఏడవాలా?

ఇది గోదావరి ఒక్కదాని కథ కూడా కాదు. 1934లో మెట్టూరు డ్యాం వచ్చాక కావేరిలో ఈ చేప బతుకు ముగిసినట్టే అయింది. గంగలో ఒకప్పుడు అలహాబాద్ దాటి పోయేది, 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలయ్యాక ఆ రాక తెగిపోయింది. సింధులో దీన్ని పల్లా అంటారు. రోహ్రీ దగ్గరున్న ఖ్వాజా ఖిజ్ర్ ఆస్తానాకు సలాం చెయ్యడానికే పల్లా ఏటికి ఎదురీదుతుందని అక్కడి మల్లాహుల నమ్మకం. 1955లో కోట్రీ బ్యారేజీ అడ్డం వచ్చాక ఆ సలాం కూడా ఆగింది.

ఇక మన హుకూమత్ హిసాబ్ చూడండి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మర, మోటారు పడవల వేట బంద్. ఆ కాలానికి ఆంధ్రలో మత్స్యకారుడికి భృతి ఇస్తారు, 2025లో దాన్ని 20,000 రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ పులస గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చేది ఎప్పుడు? జూలై నుంచి సెప్టెంబరు దాకా. అంటే నిషేధం అయిపోయాక తల్లి చేప వస్తుంది, మనం వేలం పాట మొదలుపెడతాం. తాళం వేసింది ఒక నెలలో, దొంగ వచ్చేది ఇంకో నెలలో!

బంగ్లాదేశ్ వాళ్ళు మనకన్నా అమీరులేం కాదు. వాళ్ళు అక్టోబరులో, గుడ్లు పెట్టే రోజులు చూసి, 22 రోజులు ఇలీష్ వేట పూర్తిగా ఆపుతారు. పట్టడమే కాదు, అమ్మడం, మోయడం కూడా జుర్మ్. 25 సెంటీమీటర్లలోపు పిల్ల చేపను నవంబరు నుంచి జూన్ దాకా ముట్టకూడదు. వేట ఆపిన ఇంటికి బియ్యం ఇస్తారు. ఆ బియ్యం చాలవని అక్కడి జాలర్లు కొట్లాడుతూనే ఉన్నారు, అది వాళ్ళ హక్. కానీ ఫలితం చూడండి: 2002-03లో సుమారు 2 లక్షల టన్నులున్న ఇలీష్, 2017-18కి 5 లక్షల టన్నులు దాటింది.

"వేట ఆపితే గరీబు పొట్ట కొట్టినట్టు కాదా?" అని కొందరు దోస్తులు నన్నే నిలదీస్తారు. సవాల్ సరైనదే. దీనికి జవాబ్ మళ్ళీ ఆ ఖిజ్ర్ కిస్సాలోనే ఉంది. నీళ్ళ మీద పనిచేసుకునే కొందరు మిస్కీన్ల కిష్తీకి ఆయన చిల్లు పెడతాడు. మూసా అలైహిస్సలాం అభ్యంతరం చెబుతారు. తర్వాత అసలు మాట తెలుస్తుంది: వెనక ఒక బాద్‌షా ఉన్నాడు, మంచి కిష్తీ కనబడితే జబర్దస్తీగా లాక్కుంటాడు. ఆ చిన్న నుక్సాన్ వల్లే గరీబుల రోజీ మిగిలింది. నేనడిగే ఛుట్టీ కూడా అలాంటిదే. అయితే ఒక షర్త్: చిల్లు ఖర్చు కిష్తీవాడి నెత్తిన వేయొద్దు.

నా మాంగ్ నాలుగే ముక్కలు. ఒకటి, ఎర్రనీటి కాలంలో, గుడ్లు పెట్టే ముఖ్యమైన రోజులు చూసి, కొన్ని వారాలు మొగ నుంచి ధవళేశ్వరం దాకా వేట ఆపాలి. ఆ రోజులు ఎప్పుడో ఆఫీసులో కూర్చుని కాదు, పడవవాళ్ళను అడిగి తేల్చాలి. రెండు, ఆ వారాలకు చిన్న పడవ కుటుంబాలకు ముందే పైసలు చేతికివ్వాలి, సముద్ర భృతితో ముడిపెట్టకుండా. మూడు, ధవళేశ్వరంలో చేప దాటేలా దారి పెట్టి, దాటుతున్నదో లేదో ఏటేటా లెక్క చెప్పాలి. నాలుగు, యానాం పుదుచ్చేరిది, చుట్టూ ఉన్నది ఆంధ్ర. ఒకే నీళ్ళలో రెండు కానూన్లు నడిస్తే చేప ఏ వైపు చచ్చినా చచ్చినట్టే. రెండు హుకూమత్‌లూ ఒకే తారీఖు మీద సంతకం చేయాలి.

షౌకీన్లకు కూడా ఒక మాట. ఒరిస్సా నుంచో బెంగాల్ నుంచో ఐసులో వచ్చిన ఇలసను పులస పేరుతో మీకు అంటగడుతున్నారు. దానికి మీరు రుచి కన్నా పేరుకే పైసలు ఇస్తున్నారు. కడుపు నిండా గుడ్లున్న తల్లి చేపకు ఎక్కువ ఇస్తామని మీరు అన్నంత కాలం, ఎంత కరడుగట్టిన కానూన్ వచ్చినా ఆ వల ఆగదు. ఆ ఒక్క కడుపులో లక్షల గుడ్లుంటాయి. దస్తర్‌ఖాన్ మీద ఒక పూట బడాయి కోసం అన్నీ మింగేసి, తర్వాత "పులస రావడం లేదు" అని అఫ్సోస్ పడితే ఎవరు నమ్మాలి?

ఈ ఏడు ఎవరైనా పులస వేలం వీడియో పంపితే, కింద లైక్ కొట్టకండి. "పట్టినవాడికి ఎంత ముట్టింది? వచ్చే ఏడు చేప ఎక్కడ?" అని రెండు సవాళ్ళు రాయండి. జవాబ్ వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

ఖుదా హాఫిజ్.