స్కూబా కోర్సుకు ఎక్కడికి వెళ్లాలి? నీటి అందం కంటే నేర్పే మనిషి ముఖ్యం

(మా విలేఖరి)

భీమునిపట్నం: సముద్రం అడుగుకు దిగి చేపలను, పగడపు దిబ్బలను చూసి రావాలన్న ఉబలాటం మన జిల్లా యువకులలో ఏటేటా పెరుగుతున్నది. రుషికొండ తీరంలో ఒక పూట శిక్షకుని చెయ్యి పట్టుకుని నీటిలోకి దిగి వచ్చినవారు, తర్వాత సర్టిఫికెట్ కోర్సు చేయాలని తలపెడుతున్నారు. అండమాన్ వెళ్లాలా, గోవా వెళ్లాలా, పుదుచ్చేరి చాలునా, ఇక్కడే నేర్చుకోవచ్చునా అన్నది వారి ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు చాలామంది ఫొటోలు చూసి తేల్చుకుంటున్నారు. మరికొందరు ఫీజు ఎక్కడ తక్కువ అయితే అక్కడికి పోతున్నారు. అండమాన్‌లో కోర్సు ఫీజు సుమారు 25 వేల రూపాయల నుంచి 35 వేల వరకు పలుకుతున్నది. రాకపోకలు, బస, భోజనం దీనికి అదనం. చిరుద్యోగికి నెల జీతం దాటిపోయే ఖర్చు ఇది. డబ్బు సంగతి అటుంచి, నీటి కింద పొరపాటు జరిగితే పోయేది ప్రాణం. అందుచేత బయలుదేరే ముందే కొన్ని విషయాలు విచారించుకోవడం అవసరం.

దిగి రావడం వేరు, నేర్వడం వేరు

పర్యాటకులకు ఒక పూట చూపించేది పరిచయ డైవ్ మాత్రమే. అందులో శిక్షకుడే అంతా చూసుకుంటాడు. 12 మీటర్లకు మించి తీసుకువెళ్లరాదు. చివర ఇచ్చే కాగితం జ్ఞాపకార్థం దాచుకోవడానికే గాని, మరొక చోట చూపి ఒంటరిగా డైవ్ చేయడానికి పనికిరాదు.

అసలు కోర్సు పేరు ‘ఓపెన్ వాటర్ డైవర్’. ఇది పూర్తి చేసినవారు మరొక డైవర్‌ను జతగా తీసుకుని, శిక్షకుడు లేకుండానే, 18 మీటర్ల లోతు వరకు వెళ్లవచ్చు. 18 మీటర్లంటే దాదాపు 60 అడుగులు. బాగా ఎదిగిన తాటిచెట్టు ఎత్తంత లోతన్న మాట. పదేళ్లు నిండిన పిల్లలు కూడా ఈ కోర్సులో చేరవచ్చు గాని, 15 ఏళ్ల లోపువారికి కొన్ని పరిమితులతో జూనియర్ కార్డు ఇస్తారు.

ఈ కార్డులు ఇచ్చే సంస్థలు ప్రభుత్వానివి కావు. 1966లో అమెరికాలో ప్రారంభమైన పాడీ, 1970లో మొదలైన ఎస్.ఎస్.ఐ. మన దేశంలో ఎక్కువగా కనిపిస్తాయి. 1959లో ఏర్పడిన సి.ఎం.ఏ.ఎస్. మరొకటి. వీటిలో ఏ సంస్థ కార్డు అయినా సాధారణంగా అన్ని దేశాలలోను చెల్లుతుంది. కనుక ఏ సంస్థ అన్నదానిపై తర్జనభర్జన పడవలసిన పని లేదు.

కోర్సులో మూడు భాగాలు

కోర్సులో మొదటిది పాఠం, రెండవది ఈత కొలనులో గాని లోతు లేని నిలకడ నీటిలో గాని అభ్యాసం, మూడవది సముద్రంలో డైవ్‌లు. పాడీ పద్ధతిలో కొలను అభ్యాసాలు 5, సముద్రపు డైవ్‌లు 4 ఉంటాయి. ఆపకుండా 200 మీటర్లు ఈదడం, 10 నిమిషాలు నీటిపై తేలడం వచ్చి తీరాలి. ఈత రాకపోయినా ఫరవాలేదని చెప్పే మాట పరిచయ డైవ్‌కు వర్తించవచ్చునేమో గాని ఈ కోర్సుకు వర్తించదు.

శిక్షణ డైవ్‌లు రోజుకు మూడుకు మించరాదని నియమం. అంటే నాలుగు డైవ్‌లకు కనీసం రెండు రోజులు పడుతుంది. పాఠానికి, కొలను అభ్యాసానికి మరొకటి రెండు రోజులు వేసుకోవాలి. రెండే రోజులలో అంతా ముగించి కార్డు చేతికిస్తామనే వారు ఎక్కడ కోత పెడుతున్నారో అడిగి తెలుసుకోవాలి.

కొలనులో నేర్పే పనులు చూడటానికి చిన్నవి. మాస్కులో నీరు చేరితే బయటకు ఊదివేయడం, నోటి నుంచి జారిన రెగ్యులేటరును వెదికి పట్టుకోవడం, తోటివాని గాలిని పంచుకోవడం, పైకి తేలకుండా కిందికి మునగకుండా ఒకే మట్టాన నిలబడటం. 15 మీటర్ల లోతున హఠాత్తుగా అవసరం పడినప్పుడు ప్రాణం కాపాడేవి ఇవే.

అన్నిటికంటె మొదటి పాఠం, ఊపిరి బిగపట్టరాదన్నది. సిలిండరులో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మామూలు గాలినే ఒత్తిడితో అందులో నింపుతారు. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒత్తిడి రెట్టింపు అవుతుంది. అక్కడ పీల్చిన గాలిని బిగపట్టి పైకి వస్తే అది రెట్టింపుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. అలాగే గాలిలోని నత్రజని లోతున రక్తంలో, కండరాలలో కరుగుతుంది. తొందరగా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్లు బుడగలుగా మారి, కీళ్ల నొప్పి మొదలుకొని పక్షవాతం వరకు తెచ్చిపెట్టగలదు. కంగారుపడి పైకి దూకే అలవాటును కొలనులోనే మాన్పించాలి. దీనికి ఓపిక గల శిక్షకుడు కావాలి.

సగం ఇక్కడ, సగం అక్కడ

కోర్సు మొత్తం ఒకే చోట చేయాలన్న నిబంధన లేదన్న సంగతి మన వారిలో ఎక్కువమందికి తెలియదు. పాఠం, కొలను అభ్యాసం ఒక ఊరిలో ముగించి, అక్కడి శిక్షకుడు ఇచ్చే రిఫరల్ పత్రం తీసుకుని, సముద్రపు డైవ్‌లు మరొక చోట చేయవచ్చు. పాడీ నియమం ప్రకారం ఈ పత్రం 12 నెలలు చెల్లుతుంది. బెంగుళూరు వంటి పెద్ద నగరాలలో ఈ విధంగా శిక్షణ ఇస్తున్నారు.

దీనివల్ల రెండు లాభాలు. దూరప్రాంతంలో బసకయ్యే ఖర్చు తగ్గుతుంది. భయస్తులు కొలనులో కావలసినన్ని రోజులు తీసుకుని సాధన చేయవచ్చు. తిరుగు ప్రయాణం టికెట్టు తేదీ తరుముతుండగా నేర్చుకోవలసిన అగత్యం ఉండదు. అయితే రెండవ చోటి వారు ఆ పత్రాన్ని అంగీకరిస్తారా, ఫీజు ఎంత తగ్గిస్తారు అన్నది ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఏ తీరం, ఏ నెల

అండమాన్‌లో ఎక్కువ కేంద్రాలు హావ్‌లాక్ ద్వీపంలో ఉన్నాయి. 2018లో దీనికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. శ్రీవిజయపురంగా 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి వేగపు బోటులో సుమారు రెండు గంటల ప్రయాణం. నీరు తేటగా ఉండి, ఒడ్డు దగ్గరనే లోతు తక్కువ నీటిలో అభ్యాసం చేయడానికి వీలుంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలం. మే నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల ప్రభావం ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో దాదాపు 13 శాతం మంది తెలుగువారు. ఇంగ్లీషు, హిందీ అంతగా రానివారు తెలుగు తెలిసిన శిక్షకుని కోసం విచారించవచ్చు.

లక్షద్వీప్ నీరు ఇంకా తేట అయినప్పటికీ, అక్కడికి వెళ్లడానికి అనుమతి పత్రం కావాలి. కర్ణాటకలో మురుడేశ్వరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న నేత్రాణి దీవి రైలులో వెళ్లేవారికి అందుబాటులో ఉంటుంది గాని, ఒడ్డు నుంచి బోటులో గంటకు పైగా వెళ్లాలి. కడుపు తిప్పేవారికి ఇది కష్టం. గోవాలో సౌకర్యాలు ఎక్కువ, నీటిలో చూపు ఆనే దూరం తక్కువ. ఈ రెండు చోట్లా వానాకాలంలో డైవింగ్ ఆగిపోతుంది. పుదుచ్చేరిలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలను లెక్కలోకి తీసుకోవాలి.

మన విశాఖ తీరం సంగతి వేరు. అలల జోరు ఎక్కువ. వరద నీరు కలిసే రోజులలో సముద్రం బురదగా మారుతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్‌ను ఎవరూ మరువలేదు. భయం ఎక్కువగా ఉన్నవారికి మొదటిసారి తేట నీరే మంచిది. అయితే ముందు ముందు ఈ తీరంలోనే డైవ్ చేయదలచినవారు, నిలకడగా ఉన్న నెల చూసుకుని, మంచి శిక్షకుడు దొరికితే ఇక్కడే నేర్చుకోవడంలో అర్థమున్నది. తేట నీటిలో మాత్రమే నేర్చినవాడు మసక నీటిలో దిగితే తడబడతాడు.

అడిగి తెలుసుకోవలసినవి

డబ్బు కట్టే ముందు ఈ క్రింది విషయాలు అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

1. నేర్పబోయే వ్యక్తి పేరు, అతని శిక్షకుని నంబరు. దానిని సదరు సంస్థ వద్ద సరిచూసుకోవచ్చు. దుకాణం పేరు గొప్పదైనా నీటిలోకి దిగేది ఆ మనిషితోనే.

2. ఒక శిక్షకునికి ఎంతమంది? సముద్రంలో 8 మంది వరకు పాడీ నియమం అనుమతిస్తున్నది. కొత్తవారికి నలుగురికి మించకపోతే మేలు.

3. బోటులో ప్రాథమిక చికిత్స కోసం ఆక్సిజన్ ఉన్నదా? ప్రమాదం జరిగితే ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రికి ఎలా తీసుకువెళతారు? శ్రీవిజయపురంలోని నౌకాదళ ఆసుపత్రిలో ఇటువంటి గది కలదు.

4. సిలిండరును పరీక్షించిన తేదీ. అది సిలిండరుపైనే చెక్కి ఉంటుంది.

5. ఫీజులో కార్డు ఖర్చు, పుస్తకం, బోటు, పరికరాల అద్దె కలిసి ఉన్నాయా? ఒక డైవ్ సరిగా రాకపోతే మళ్లీ చేయించడానికి అదనంగా తీసుకుంటారా?

6. ఆరోగ్య ప్రశ్నల కాగితం. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్ వంటివి ఉంటే డాక్టరు సంతకం తెచ్చుకోవాలి. ‘అన్నిటికీ లేదు అని రాసేయండి’ అని చెప్పే కేంద్రం నుంచి వెనక్కు రావడం మంచిది.

తిరుగు ప్రయాణం విషయం కూడా గమనించాలి. వరుసగా డైవ్‌లు చేసిన తర్వాత కనీసం 18 గంటల వరకు విమానం ఎక్కరాదు. ఎత్తైన కొండలకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. ఉదయం రుషికొండలో డైవ్ చేసి సాయంత్రం అరకు ఘాట్ రోడ్డు ఎక్కడం, మురుడేశ్వరం నుంచి అదే రాత్రి పడమటి కనుమలు దాటి బెంగుళూరు బస్సు పట్టడం ప్రమాదకరం.

ఉద్యోగం ఆశ

ఈ కార్డు వస్తే ఉద్యోగం వస్తుందని మత్స్యకార గ్రామాలలోని కొందరు యువకులు ఆశ పడుతున్నారు. ఓపెన్ వాటర్ కార్డు ఉద్యోగ అర్హత కాదు. దాని తర్వాత అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు, ప్రాథమిక చికిత్స శిక్షణ పూర్తి చేసి, 18 ఏళ్లు నిండి, 40 డైవ్‌లు ఉంటే గాని డైవ్ మాస్టర్ శిక్షణలో చేర్చుకోరు. అది పూర్తయ్యేసరికి 60 డైవ్‌లు కావాలి. శిక్షకుడు కావాలంటే 100 డైవ్‌లు. మొదటి ఫీజు కోసం బంగారం కుదువ పెట్టేముందు ఇంటివారు ఈ లెక్క చూసుకోవాలి.

అయితే సముద్రం తెలిసిన ఈ కుర్రాళ్లకు ఈ వృత్తిలో చోటు లేదనడం సరికాదు. నీటి పోకడ, గాలి వాలు వారికి పుట్టుకతో వచ్చిన చదువు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులలో పాఠం, కొలను అభ్యాసం తెలుగులో చెప్పించి, రిఫరల్ పత్రం చెల్లే 12 నెలలలో నిలకడ సముద్రం చూసి డైవ్‌లు చేయించడం అసాధ్యం కాదు. పర్యాటక, మత్స్య శాఖలు కలిసి ఆలోచిస్తే, బయటి ఊళ్ల నుంచి మనుషులను రప్పించుకునే బదులు ఈ తీరపు పిల్లలే ఈ తీరాన్ని చూపించగలుగుతారు.

ఈలోగా అధికారులు చేయగలిగిన చిన్న పని ఒకటున్నది. తీరంలో డైవింగ్ నిర్వహించే ప్రతి కేంద్రం ముందు శిక్షకుల పేర్లు, నంబర్లు, ఒక్కొక్కరి వద్ద అనుమతించే వారి సంఖ్య, బోటులో ఆక్సిజన్ ఉన్నదీ లేనిదీ తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి. కేంద్ర పర్యాటక శాఖ 2018లో వెలువరించిన సాహస పర్యాటక మార్గదర్శకాలలో స్కూబా డైవింగ్‌కు కూడా చోటున్నది. వాటిని తెలుగులో అందుబాటులోకి తెస్తే, డబ్బు కట్టే తల్లిదండ్రులు ఏమి అడగాలో తెలుసుకుని అడుగుతారు. జిల్లా యంత్రాంగం ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉన్నది.