బాటను చూసి బయలుదేరుదాం

ప్రయాణానికి ముందు శకునం చూసుకోవడం మన పెద్దల అలవాటు. గడప దాటుతుండగా ఎవరు ఎదురు వచ్చారు, ఏ దిక్కున వారశూల ఉన్నది అని విచారించిన తరువాతనే అడుగు బయట పెట్టేవారు. మా ఇళ్ళలో ప్రయాణికుని భుజానికి ఇమామ్ జామిన్ కట్టి, ఖుదా హాఫిజ్ అని సాగనంపే ఆచారం నేటికీ ఉన్నది. ఆచారాలు వేరైనా వాటి వెనుక ఉన్న ఆరాటం ఒక్కటే. వెళ్ళినవారు క్షేమంగా చేరాలి, క్షేమంగా తిరిగి రావాలి. దారి ఎలా ఉన్నదో ఇంట కూర్చుండి తెలుసుకొనే సాధనం ఆనాడు లేదు. నేడు ఉన్నది. చౌరస్తాలలో స్తంభాల మీద రేయింబవళ్ళు మేలుకొని ఉండే కెమెరాయే ఆ సాధనం. అయితే ఆ కన్ను ఎవరి కోసం చూస్తున్నది? ఈ ప్రశ్నను విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గం ముందు ఉంచడమే మా ఉద్దేశం.

మన హైదరాబాదు నగరంలో కెమెరాలకు కొదవ లేదు. జనం గుమిగూడే వాణిజ్య సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలని 2013లో చట్టమే వచ్చింది. 'నేను సైతం' అనే పోలీసు పథకం కింద బస్తీలవారు, వర్తకులు చందాలు వేసుకొని తమ వీధులలో కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ భవనం ప్రారంభమైంది. నగరంలోని దృశ్యాలను ఒక్కచోట కూర్చుండి చూడగల ఏర్పాటు అక్కడ ఉన్నది. ఇంత జరిగినా, చౌరస్తా కెమెరా అనగానే సామాన్యునికి స్ఫురించేది చలానా ఒక్కటే. హెల్మెట్ లేదని, గీత దాటాడని ఫోటోతో సహా జరిమానా ఇంటికి వస్తుంది. తప్పు చేసినవాడు జరిమానా కట్టవలసిందే, అందులో మాకు పేచీ లేదు. కాని మన తప్పును చూపే కన్ను మనకు దారిని కూడా చూపవచ్చు గదా అన్నదే మా మాట.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదు. సింగపూరును మలేషియాలోని జొహోర్ రాష్ట్రంతో కలిపే రోడ్డు మార్గాలు రెండే ఉన్నాయి. ఒకటి 1924లో పూర్తయిన ఉడ్‌లాండ్స్ కాజ్‌వే. రెండవది 1998లో తెరిచిన తువాస్ వంతెన. పండుగ సెలవులు వస్తే ఈ రెండింటి మీద వాహనాలు గంటల తరబడి బారులు తీరుతాయి. అక్కడి రవాణా శాఖ ఈ రెండు చోట్ల ఉన్న కెమెరాల చిత్రాలను ఎప్పటికప్పుడు ప్రజలకు అందిస్తున్నది. కుటుంబంతో బయలుదేరేవాడు ఇంట్లోనే ఆ చిత్రాలు చూసి, ఏ దారిన వెళ్ళాలో, అసలు ఆ పూట వెళ్ళాలో లేదో నిర్ణయించుకుంటాడు. ఇందుకు పెద్ద చదువు అవసరం లేదు. చిత్రం చూడగల ఎవరికైనా బోధపడుతుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానిది మరొక తీరు. సియాటిల్‌కు తూర్పున కాస్కేడ్ పర్వతాలను దాటే పెద్ద రహదారి స్నోక్వాల్మీ కనుమ వద్ద 3,022 అడుగుల ఎత్తున సాగుతుంది. నగరంలో వాన చినుకులు పడుతున్న వేళ కనుమ మీద మంచు మోకాలి లోతు పేరుకొని ఉండవచ్చు. అక్కడి రవాణా శాఖ కనుమ పొడుగునా కెమెరాలు పెట్టి, చిత్రాలతో పాటు ఉష్ణోగ్రతను, చక్రాలకు గొలుసులు తగిలించుకోవాలా వద్దా అన్న సంగతిని కూడా తెలుపుతుంది. ఆ ప్రాంతంలో ఉద్యోగాలు చేసుకొనే మన తెలుగువారు ఎందరో చలికాలంలో ఆ చిత్రాలు చూడనిదే కొండ దారి పట్టరు. అక్కడ కెమెరా కాలాన్ని మాత్రమే కాదు, ప్రాణాన్ని కూడా కాపాడుతున్నది.

చేతిలోని ఫోనులో పటం ఉండగా కెమెరా ఎందుకని కొందరు అడగవచ్చు. పటం మీద ఎర్రగీత కనబడితే రద్దీ అని తెలుస్తుంది. కాని ఆ గీత దారిన పోయేవారి ఫోనుల వేగాన్ని లెక్కగట్టి గీసినది. వాహనాలు ఎందుకు ఆగాయో అది చెప్పలేదు. ఊరేగింపా, ప్రమాదమా, విరిగిపడిన చెట్టా, మోకాలి లోతు నీరా? పైగా నీట మునిగిన దారిన వాహనమే పోదు. దారి మూసినట్లు ఎవరో ఒకరు తెలిపేదాకా అక్కడ ఎరుపు కనబడకపోవచ్చు కూడా. ఆ ఖాళీని చూసి దారి సుగమంగా ఉన్నదనుకొన్నవాడు నేరుగా వరదలోకి వెళతాడు. కెమెరా చిత్రం మాత్రం నీటిని నీటిగానే చూపుతుంది.

మూసీ ఒడ్డున బతికేవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు వరదలను నగరం మరచిపోలేదు. 2025 సెప్టెంబరు చివరి వారంలో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీరు వచ్చింది. జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడల్లా మూసారంబాగ్ వంటి లోతట్టు వంతెనల మీద రాకపోకలు ఆగిపోవడం ఏళ్ళ తరబడి మనం చూసినదే. అటువంటి ఒక వానకాలపు ఉదయాన మా తరగతి విద్యార్థిని ఒకతె పరీక్షకు బయలుదేరి, వంతెన దాకా వచ్చి, అక్కడ దారి మూసినట్లు తెలుసుకొని, వచ్చిన దారినే మరలి, చుట్టు తిరిగి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరుకొన్నది. తడిసిన బట్టలతో, వణుకుతున్న చేతులతో ఆమె కలం పట్టడం మేము చూశాము. అది కళాశాలలో జరిగే పరీక్ష గనుక లోపలికి రానిచ్చాము. నీట్ పరీక్షకైతే మధ్యాహ్నం 1.30కి గేటు మూస్తారు. ఆ తరువాత కన్నీళ్ళకు గేటు తెరుచుకోదు. వంతెన చిత్రం ఒక్కటి ఇంట్లో కనబడి ఉంటే ఆ అమ్మాయి ఒక గంట ముందే వేరొక దారి పట్టి ఉండేది.

ఆలస్యం తొందరను కంటుంది, తొందర ప్రమాదాన్ని కంటుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. ఆ ఏటి ప్రమాదాలలో పదింట ఏడింటికి పైగా మితిమీరిన వేగం వల్లనే జరిగాయని అదే నివేదిక చెబుతున్నది. దారి సంగతి ముందే తెలిసినవాడు ముందే బయలుదేరుతాడు, లేదా పెద్దలతో ఒక మాట చెప్పి నిదానంగా వస్తాడు. నిదానమే ప్రధానమన్న సామెతకు ఇంతకంటే మంచి తావు లేదు.

అయితే కెమెరా సర్వరోగనివారిణి కాదు. అన్ని మలుపులూ దానికి కనబడవు. చూసిన చిత్రానికీ మనం అక్కడికి చేరే సమయానికీ మధ్య పరిస్థితి మారవచ్చు. అందరూ ఒక్కసారే పక్కదారి పడితే ఇరుకు గల్లీలలో కొత్త చిక్కు పుడుతుంది. అన్నిటికీ మించిన జాగ్రత్త మరొకటి ఉన్నది. చిత్రాన్ని ఇంట్లో చూడాలి గాని, బండి నడుపుతూ చూడరాదు. 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ నడిపేటప్పుడు చేతిలో ఫోను వాడటాన్ని ప్రమాదకరమైన చోదనం కింద చేర్చింది. దారి చూపవలసిన చిత్రమే మన చూపును దారి మీది నుండి తప్పిస్తే అంతకంటే విపరీతం ఉండదు.

ఇక మనసులోని మరొక శంకను దాచడం ధర్మం కాదు. కెమెరా అంటే మా బస్తీలలో కొంత భయం ఉన్నది. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల వాడకాన్ని ప్రశ్నిస్తూ నగరవాసి ఒకరు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. అందరి కళ్ళకూ దృశ్యాలు తెరిస్తే ఆ భయం పెరగదా అని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానం ఇది. ప్రయాణికునికి కావలసింది రోడ్డు, మనిషి కాదు. కెమెరా ఎత్తున ఉండి, దూరపు దృశ్యాన్ని చూపితే చాలు. ముఖాలు, నంబరు ప్లేట్లు పోల్చుకొనే వీలు ఉండరాదు. ఇళ్ళ గుమ్మాలు, మసీదు, మందిరాల వాకిళ్ళు అందులో పడరాదు. దృశ్యాన్ని భద్రపరచనూ రాదు. ఇంతకు ముందు చెప్పిన వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ తన రోడ్డు కెమెరాల దృశ్యాలను రికార్డు చేయదు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కాకపోదు. మనం చూడలేని కన్ను మనలను చూస్తున్నప్పుడే భయం పెరుగుతుంది. ఆ కన్ను ఏమి చూస్తున్నదో మనకూ తెలిసిననాడు భయం తగ్గి, నమ్మకానికి చోటు దొరుకుతుంది.

కనుక ప్రధాన చౌరస్తాల, మూసీ వంతెనల, నీరు నిలిచే అండర్‌పాసుల చిత్రాలను పై నియమాలతో ప్రజలకు తెరవాలని ప్రభుత్వాన్ని కోరుతూ మన కళాశాల ఒక వినతిపత్రం పంపాలని మా మనవి. అంతవరకు మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. పరీక్షల రోజులలో, భారీ వానల రోజులలో నలుగురు విద్యార్థులు వంతుల వారీగా పోలీసు ప్రకటనలను, పటాన్ని చూసి, ఆయా బస్తీలలోని సహాధ్యాయులను విచారించి, ఏ దారి మూసి ఉన్నదో ఉదయం ఆరున్నరకల్లా అందరి ఫోనులకూ తెలుగులో, ఉర్దూలో పంపవచ్చు. దారి మూతపడి నిజంగా చిక్కుకొన్నవారికి కళాశాల పరీక్షలలో అరగంట గడువు ఇవ్వడాన్ని పాలకవర్గం పరిశీలించవచ్చు. ఇందుకు ఖర్చు లేదు, కావలసింది సంకల్పం.

బాటసారికి బాధ కలిగించే దానిని దారి నుండి తొలగించడం విశ్వాసంలో భాగమని ప్రవక్త బోధించారు. ఆనాడు అది ముల్లో, రాయో అయి ఉంటుంది. నేడు దారి తెలియకపోవడమూ అటువంటి ముల్లే. ఒంటెను ముందు కట్టివేసి, ఆ తరువాత దైవం మీద భారం వేయమన్నదీ వారి హితవే. ఇమామ్ జామిన్ కట్టించుకోండి, పెద్దల దీవెన తీసుకోండి. దానితోపాటు బాటను కూడా ఒక్కసారి చూసి బయలుదేరండి. ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూసే కళ్ళకు అంతకు మించిన ఊరట లేదు.