లావెండర్ వద్దు, గన్నేరు చాలు

రీల్స్ చూసి ‘మెడిటరేనియన్ గార్డెన్’ అంటూ మా అలంపూర్ ఇంట్లో లావెండర్ పెట్టాను. తుంగభద్ర పక్కనే ఉన్నా నీళ్లు పెరట్లోకి నడిచి రావు కదా! ఎండాకాలమంతా అమ్మ బిందెలతో మోసి బతికించింది. ఆగస్టు వానలకు వేర్లు కుళ్లి చచ్చింది. అక్కడ వానలు చలికాలంలో. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా.

కాపీ కొట్టాల్సింది మొక్కల్ని కాదు, పద్ధతిని: ఎండకు ఓర్చే మొక్కలు, నీళ్లు నిలవని మట్టి, పాదుల్లో గులకరాళ్లు. తమాషా ఏంటంటే, మన గోడ పక్కన ఎవరూ పట్టించుకోని గన్నేరు మధ్యధరా తీరంలోనూ సహజంగా పెరిగేదే. విషం కాబట్టి పసిపిల్లలకు అందకుండా పెట్టాలి, అంతే.

అమ్మతో నీళ్లు మోయించే తోట ఎంత అందంగా ఉన్నా ‘లో మెయింటెనెన్స్’ కాదు. ఆ మెయింటెనెన్స్ మనకు కనిపించలేదు, అంతే.