ఘటాల్ కూడా మన ఊరే

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది. అంత వరద ఆ బ్యారేజీ ఎన్నడూ చూడలేదు. పక్షం రోజులు తిరిగేసరికి, మన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో విశ్వకర్మ పూజ వేళకు, శిలావతి నది పొంగి ఘటాల్ నీళ్లలో ఉంది. బుడమేరు కబురు వినగానే ఇక్కడి మలంచా పేటలో ప్రతి తెలుగింటి గుండె దడదడలాడింది. ఘటాల్ ఉన్నది మన పశ్చిమ మేదినీపుర్ జిల్లాలోనే. దాని కోసం అంతగా తల్లడిల్లామా? ఈ విశ్వకర్మ పూజకు మనల్ని మనం అడగవలసిన మాట ఇదే.

మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఇక్కడికొచ్చారు. 2020 డిసెంబరులో ఈ రాష్ట్ర మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ఆమోదం తెలిపింది. ఈ నేల మీద హక్కు అడిగాం, దక్కించుకున్నాం. అలాంటప్పుడు ఈ నేల వరద పరాయి వరద ఎలా అవుతుంది? విజయవాడ మీద ప్రేమ తగ్గాలని కాదు. ఆ ప్రేమ ఘటాల్ దాకా సాగాలి.

పైగా మన చేతిలో పని ఉంది. అదే సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కోసుకుపోయి, స్లీపర్లతో సహా పట్టాలు గాల్లో వేలాడాయి. వందల మంది రాత్రింబవళ్లు మట్టి, కంకర పోసి నాలుగో రోజుకల్లా బండ్లు నడిపించారు. ఆ కష్టం ఎంతటిదో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు తెలుసు.

వరద ఉన్నన్నాళ్లూ పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచడానికి చాలామంది వస్తారు. నీళ్లు దిగాకే అసలు బాధ మొదలవుతుంది. విజయవాడలో ఇళ్లలోని బురద కడగడానికి ఫైరింజన్లు పెట్టాల్సి వచ్చింది. గోడల్లో వైరింగ్ తడిసి స్విచ్చి ముట్టుకోవాలంటే భయం. మోటారులో ఒండ్రు. బీరువాలో ముద్దయిపోయిన రేషన్ కార్డు. ఈ పనులకు డబ్బొక్కటే చాలదు, పని తెలిసిన మనిషి కావాలి. ఫిట్టర్లూ ఎలక్ట్రీషియన్లూ ఇంతమంది ఉన్న ఊరు జిల్లాలో మరొకటి ఉందా?

ఈసారి పూజ కమిటీలు చందా పుస్తకంతో పాటు ఒక పేర్ల పట్టీ కూడా ఇల్లిల్లూ తిప్పాలి. వైరింగ్ ఎవరికి వచ్చు, పంపు విప్పి ఆరబెట్టడం ఎవరికి వచ్చు, బెంగాలీలో దరఖాస్తు ఎవరు రాయగలరు అని రాసుకోవాలి. రిటైరైనవాళ్లనూ అడగాలి. ఘటాల్‌లో నీళ్లు దిగిన మర్నాడే మొదటి జట్టు బస్సెక్కేలా ఆ పట్టీ ఇప్పుడే సిద్ధం కావాలి.