క్వాంటం పాఠానికి ముందు కొంత గణితం



ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో క్వాంటం మెకానిక్స్ పాఠానికి ఆయువుపట్టు ష్రోడింగర్ 1926లో ప్రతిపాదించిన సమీకరణం. ఆ తరగతిలో ఎంపీసీ నుంచి వచ్చినవారూ, బీజెడ్‌సీ నుంచి వచ్చినవారూ కలిసి కూర్చుంటారు. బీజెడ్‌సీ వారిలో చాలామంది గణితాన్ని ప్రత్యేక సబ్జెక్టుగా చదివింది పదో తరగతి వరకే. అవకలన సమీకరణం బోర్డు మీద కనబడగానే వారికి మిగిలే దారి బట్టీ పట్టడమే. ఇది విద్యార్థుల లోపం కాదు, పాఠ్యప్రణాళిక లోపం.

నిజానికి తొలి మెట్టుకు కావలసిన గణితం కొంచెమే. ‘పెట్టెలో కణం’ సమస్యలో గోడల దగ్గర తరంగ ప్రమేయం సున్నా కావాలి. అందువల్ల పెట్టె పొడవులో అర్ధతరంగాలు పూర్ణసంఖ్యలోనే ఇముడుతాయి. శక్తిస్థాయిలు విడివిడిగా ఏర్పడేది అందుకే. సైన్ ప్రమేయాన్ని రెండుసార్లు అవకలనం చేయడం, దాని వర్గాన్ని సమాకలనం చేయడం వస్తే ఈ సమస్య పూర్తిగా అర్థమవుతుంది. హ్యూకెల్ పద్ధతికి నిర్ధారకాలు వస్తే చాలావరకు సరిపోతుంది.

ఈ చిన్న సమస్య కెమిస్ట్రీకి ఎంత దగ్గరో బ్యూటాడయీన్ చూపిస్తుంది. దానిలోని నాలుగు పై ఎలక్ట్రాన్లు మొదటి రెండు స్థాయిలను నింపుతాయి. పెట్టె పొడవును 0.578 నానోమీటర్లుగా తీసుకుని, ఎలక్ట్రాన్ రెండో స్థాయి నుంచి మూడో స్థాయికి చేరడానికి కావలసిన శక్తిని లెక్కిస్తే, తరంగదైర్ఘ్యం సుమారు 220 నానోమీటర్లు వస్తుంది. ప్రయోగంలో కనిపించేది 217. పెట్టె అంచులు ఎక్కడ పెట్టాలన్నదానిలో కొంత వెసులుబాటు ఉంది. ఆ సంగతి కూడా విద్యార్థికి చెప్పడమే నిజాయతీ. ద్విబంధాల గొలుసు పొడవైన కొద్దీ స్థాయిల మధ్య ఎడం తగ్గుతుంది. పదకొండు సంయుగ్మ ద్విబంధాలున్న బీటా కెరోటిన్ 450 నానోమీటర్ల ప్రాంతంలో నీలికాంతిని పీల్చుకుంటుంది. క్యారెట్‌కు నారింజ రంగు అలా వస్తుంది. ఇది ఒక్కసారి స్వయంగా లెక్కించిన విద్యార్థికి సమీకరణమంటే భయం పోతుంది.

సమయం చాలదన్న అభ్యంతరం వినిపిస్తుంది. హైడ్రోజన్ పరమాణువు కోసం లెజాండ్ర్, లాగేర్ బహుపదుల సుదీర్ఘ ఉత్పాదనలకు పోయే గంటలను తగ్గిస్తే సమయం దొరుకుతుంది. రసాయన శాస్త్రజ్ఞుడికి ఎక్కువగా అక్కరకొచ్చేవి ఆర్బిటాళ్ల ఆకృతులు, నోడ్‌లు, శక్తులు.

విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఈ యూనిట్‌కు ముందే మూడు నాలుగు వారాల గణిత తరగతులను తప్పనిసరి చేయాలి. సెమిస్టర్ పరీక్షలో ఉత్పాదనతో పాటు కనీసం ఒక లెక్క అడగాలి.