క్రాప్ చెయ్యని ఫొటో ఒకటి ఉంచుకోండి

పైన పెట్టిన వీడియోలో మాటలు లేవు, వెనకాల పాట కూడా లేదు. మా పొలం పడమటి గట్టు దగ్గర సరిహద్దు రాయి ఉంది. దాని మీద ఫోన్ ఆనించి ప్రతి ఆదివారం ఒక ఫొటో తీశాను. ఆ ఫొటోలు వరసగా పేర్చితే అయిన వీడియో అది. రెండు నిమిషాలు కూడా ఉండదు. కొంతమందికి బోరు కొట్టొచ్చు, ముందే చెప్తున్నా. అందులో పంట కన్నా నా సంగతే ఎక్కువ కనపడుతుంది.

నేను దేశవాళీ బియ్యం నేరుగా ఇళ్లకు పంపుతాను. బహురూపి, నవార, రత్నచోడి. నాకు షాపు లేదు, బోర్డు లేదు. ఉన్నదల్లా ఫోన్లో ఫొటోలే. పొద్దున్నే మంచు పట్టిన వరికంకి, దాని మీద సాలీడు, గట్టు మీద కొంగ... ఇలాంటిది ఒకటి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ వారం ఆర్డర్లకు కరువుండదు. అందులో తప్పేం లేదు. సరుకు అమ్ముకునేవాడు సరుకు అందంగా చూపించుకుంటాడు.

పోయిన కార్తీకమాసంలో హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. మూడేళ్లుగా మా దగ్గరే బియ్యం తీసుకుంటున్నారు. పక్క ఊళ్లో బంధువుల ఇంటికి వనభోజనాలకు వచ్చి, పిల్లలకు పొలం చూపిద్దామని మా దగ్గరకు వచ్చారు. ఆవిడ గట్టు మీద నిలబడి ఒకసారి ఫోన్ చూసింది, ఒకసారి పొలం చూసింది. "ఫొటోలో ఉన్న పొలం ఎక్కడండీ?" అని అడిగింది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగింది. "ఇదేనమ్మా" అన్నాను. "మరి ఈ గట్టు ఇలా మాడిపోయిందేంటి?"

ఆ గట్టు మాకూ పక్క పొలం బాబాయ్‌కీ ఉమ్మడి. వరసకే బాబాయ్, చుట్టరికం దూరం. ఏటా రెండుసార్లు గట్టు మొత్తానికి గడ్డి మందు కొట్టిస్తాడు. వారం తిరిగేసరికి గట్టు గోధుమరంగులోకి మారిపోతుంది. ప్రకృతి వ్యవసాయం చేసేవాడి పొలానికి రక్షణగా ఉండాల్సిన గట్టు అది. దాని మీద కంది, బెండ, బంతి ఉండాలి. "పక్కవాళ్లు కొట్టారండీ" అని చెప్పాను. అబద్ధం కాదు. ఆవిడ "అయ్యో" అని ఊరుకుంది. బియ్యం కూడా పట్టుకెళ్లింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్ తీసి పాత ఫొటోలు చూస్తూ కూర్చున్నాను. మీకు తెలుసో లేదో, చాలా ఫోన్లలో ఫొటోను కత్తిరించినా అసలుది పోదు. ఎడిట్‌లోకి వెళ్లి రివర్ట్ నొక్కితే మొదట తీసిన ఫొటో తిరిగొస్తుంది. ఒక్కొక్కటీ నొక్కుతూ పోయాను. వరికంకి వెనకాల మాడిన గట్టు. కొంగ పక్కన మాడిన గట్టు. తూనీగ ఫొటోలో అయితే అప్పుడే కొట్టినట్టుంది, సగం పచ్చగా, సగం పసుపుగా ఉంది. మూడేళ్ల గట్టు మొత్తం వెనక్కి వచ్చేసింది. ఒక్క ఫొటోలో కూడా నేను దాన్ని ఉంచలేదు. మనం పండించేదీ క్రాపే, ఫొటోలో కోసేసేదీ క్రాపే. ఈ రెండో క్రాపులో నేను బాగా ఆరితేరానని ఆ రాత్రి తెలిసింది.

ఇక్కడ బాబాయ్‌ది తప్పా కాదా అన్నది పక్కన పెడదాం. నాకు గుచ్చుకున్నది వేరే సంగతి. మూడేళ్లలో ఆ గట్టు గురించి ఆయనతో నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎందుకంటే మా చేలోకి నీళ్లు ఆయన చేలో బోదె మీదుగానే రావాలి. మాట పెరిగితే బోదెకు అడ్డం పడతాడేమోనని భయం. ఆ భయాన్ని నాకు నేను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. ఫొటోలో అంచు కోసేసి, లేనట్టే ఉన్నాను. వీడియోల్లో మాత్రం జీవవైవిధ్యం గురించి గంటలు గంటలు మాట్లాడాను.

అందుకే నా అభిప్రాయం ఏంటంటే, మన రైతులం ప్రకృతి ఫొటోలు తీసుకోవాలి, కానీ అమ్మకం కోసం తీసేవి వేరుగా, మన కోసం తీసుకునేవి వేరుగా ఉండాలి. రెండోవి ఎవరికీ పంపక్కర్లేదు. అందంగా రావక్కర్లేదు. మొదటి రకం ఫొటోలు తీసీ తీసీ మన కన్నుకు ఒక అలవాటు పడిపోతుంది, బాగున్నదే కనపడుతుంది. పొలంలో నిలబడి కూడా ఫ్రేములో పట్టేదాన్నే చూస్తాం. రోగం మూలన మొదలై మధ్యకు వచ్చేదాకా తెలియదు.

ఆ వారం నుంచే సరిహద్దు రాయి మీద ఫోన్ పెట్టడం మొదలుపెట్టాను. దాంతోపాటు ఆ రోజు పొలంలో కంటికి తగిలినదాన్ని దగ్గరగా ఒకటి రెండు ఫొటోలు. ఈ దగ్గరి ఫొటోల దగ్గరే నాకు ఇంకో దెబ్బ తగిలింది.

మాఘమాసంలో తూర్పు గట్టు మీద బొబ్బర్ల తీగలకు పేనుబంక పట్టింది. దాంతోపాటు ఆకుల మీద నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలున్న పురుగులు తిరుగుతున్నాయి. చూడ్డానికి బుల్లి మొసలిలా ఉన్నాయి. ఇదేదో ఆకు తినే పురుగు అనుకున్నాను. ఆదివారం లెక్కలో నాలుగు ఫొటోలు తీసి, మర్నాడు సాయంత్రం అగ్నాస్త్రం కొట్టేశాను. రసాయనం కాదుగా, మన పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు, గోమూత్రమేగా అని ధైర్యం. రెండు రోజుల తర్వాత తీరిగ్గా ఆ ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఒక దాంట్లో ఆ మొసలి నోట్లో పచ్చటి పేనుబంక పురుగు ఒకటి ఉంది. కాళ్లు కూడా స్పష్టంగా కనపడుతున్నాయి.

అది అక్షింతల పురుగు పిల్ల. గుండ్రంగా, ఎర్రగా, నల్లచుక్కలతో ఉండే పెద్ద పురుగును మా ఊళ్లో ఏ పిల్లాడైనా గుర్తుపడతాడు. దాని పిల్లకు ఆ పోలికే ఉండదు. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేలోపు ఒక్కో పిల్ల వందల పేనుబంక పురుగుల్ని తింటుంది. నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. కీటకాల పాఠంలో దీని బొమ్మ వేశాను, మార్కులూ వచ్చాయి. అయినా పొలంలో ఎదురుగా నిలబడి మిత్రపురుగుల మీద అగ్నాస్త్రం కొట్టాను. ఆ తర్వాత తీగల మీద పేనుబంక పెరిగింది. నేను కొట్టినదానివల్లే పెరిగిందని ఒట్టేసి చెప్పలేను, మబ్బులు కూడా పట్టాయి అప్పుడు. కానీ ఫొటో తీసినరోజే దాన్ని కాస్త పెద్దది చేసి చూసుంటే డబ్బా భుజానికి ఎత్తేవాణ్ణి కాదు.

ఆ ఫొటోలో నేను చూసింది పురుగును మాత్రమే కాదు, నా తొందరను. ఇంట్లో కూడా అంతేనని మా ఆవిడ అంటుంది. ఎవరైనా ఒక మాట అంటే మొత్తం వినకుండా జవాబు చెప్పేస్తానట. అప్పటిదాకా ఆ మాటకు కోపం వచ్చేది. ఈ ఫొటో చూపిస్తే నవ్వింది. "ఇది నేనే కదా, నోట్లో ఏముందో చూడకుండా మందు కొట్టేస్తావు" అంది. ఆ ఫొటో ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్.

ఫొటోలతో రైతుకేం పని అనేవాళ్లకు నేను విల్సన్ బెంట్లీ గురించి చెప్తుంటాను. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే ఊళ్లో పాడి రైతు. పుట్టింది 1865లో. చిన్నప్పుడు తల్లి ఇచ్చిన మైక్రోస్కోపుతో మంచు రేణువుల్ని చూడటం మొదలుపెట్టాడు. దానికి కెమెరా తగిలించి 1885 జనవరిలో ఒక మంచు రేణువును ఫొటో తీశాడు. బతికున్నంత కాలం వ్యవసాయం చేస్తూనే ఐదు వేలకు పైగా మంచు ఫొటోలు తీశాడు. 1931లో పుస్తకంగా వచ్చాయి, ఆ డిసెంబర్లోనే చనిపోయాడు. చలికాలం వేళ్లు కొంకర్లు పోతుంటే, వేడి తగిలితే కరిగిపోయేదాన్ని ఊపిరి బిగబట్టి తీసేవాడు. మన పొద్దుటి ఫొటో అంత కష్టమేం కాదు.

అయితే బెంట్లీ కథలో ఎక్కువమంది చెప్పని భాగం ఒకటుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. ఆయన ఫొటోల్లో ఎక్కువ మంచు రేణువులు ఆరు వైపులా ముగ్గు వేసినట్టు సమంగా ఉంటాయి. నిజానికి ఆకాశం నుంచి పడేవాటిలో అలా ఉండేవి తక్కువ. ఎక్కువ భాగం వంకరగా, విరిగినట్టు ఉంటాయి. ఆయన అందమైనవి ఏరుకునేవాడు. రేణువు చుట్టూ నలుపు బాగా రావాలని గాజు పలక మీద అంచుల వెంబడి గీకేవాడు కూడా. జర్మనీలో హెల్‌మన్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఈ విషయం మీదే ఆయన్ని తప్పుపట్టాడు. అంత నిష్ఠ ఉన్న మనిషి కూడా అంచులు గీకాడంటే, ఆర్డర్ల కోసం గట్టు కోసేసిన నేనెంత అనిపించింది. ఊరట అనుకోండి, హెచ్చరిక అనుకోండి.

ఇక సరిహద్దు రాయి ఫొటోల సంగతి. మార్చి నెలాఖరులో మినుము పీకేశాం. అక్కడి నుంచి వీడియో కాస్త ఆపి చూడండి. నేల నెర్రెలిచ్చి, ఒక్క పచ్చటి పరక లేకుండా తొమ్మిది ఆదివారాలు వరసగా కనపడతాయి. ఆ తొమ్మిది వారాల మధ్యలోనే, ఏప్రిల్లో, మీ అందరికీ "365 రోజులూ నేల పచ్చగా కప్పి ఉండాలి" అని నేను ఒక వీడియో చేశాను. దానికి లైకులు బాగా వచ్చాయి. నవధాన్యాలు చల్లింది మాత్రం జూన్ మొదటి వారంలో. విత్తనం ఇంట్లోనే ఉంది. ఆర్డర్లు, ప్యాకింగు, పార్సిళ్లు అంటూ తిరిగాను. గుర్తు మీద ఆధారపడితే "ఓ రెండు మూడు వారాలు ఆలస్యమైంది" అని నేనే నమ్మకంగా చెప్పేవాణ్ణి.

తీసే పద్ధతి పెద్ద విద్య కాదు. ఒకే చోటు, ఒకే ఎత్తు, పొద్దున ఎనిమిదిలోపు. పొలంలో ఫోన్ లెన్స్ మీద ఎప్పుడూ జిడ్డు ఉంటుంది, తువ్వాలు కొసతో తుడవండి. పురుగుల్ని తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, మీ నీడ పడనివ్వండి చాలు. ఆకు పైన కాదు, తిప్పి అడుగున చూడండి. తీశాక ఏమీ దిద్దొద్దు. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ వేసి, "ఈ ఫొటోలో నాకు చూడబుద్ధి కానిది ఏది?" అని ఒక్క వాక్యం రాసుకోండి. నాకు కొన్ని వారాలు రాయడానికి ఏమీ దొరకదు. ఖాళీగా వదిలేస్తాను. ఏదో ఒకటి రాయాలని రాస్తే అదీ వాట్సాప్ స్టేటస్ లాగానే తయారవుతుంది.

మా నాన్నకు ఇదంతా నచ్చదు. "ఫొటోలు తీస్తే పంట పండుద్దా?" అంటాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఆయనకు ఫొటో అక్కర్లేదు కూడా. రోజూ రెండుపూటలా గట్లన్నీ చుట్టొచ్చే మనిషి, ఏ మడిలో ఏముందో కళ్లు మూసుకుని చెప్తాడు. నాలాగా సగం రోజు చేలో, సగం రోజు ఫోన్లో ఉండేవాళ్లకే ఈ మందు. ఫోన్ వల్ల తప్పిన చూపును ఫోన్‌తోనే వెనక్కి తెచ్చుకోవడం అనుకోండి.

గట్టు సంగతి ఏమైందని అడుగుతారు కదా. జూన్‌లో, బాబాయ్ గడ్డి మందు కొట్టించే రోజులు రాకముందే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఫోన్ తీసి పోయిన మూడేళ్ల ఫొటోలు, కత్తిరించనివి, చూపించాను. వాదన పెట్టుకోలేదు. "బాబాయ్, ఇన్నేళ్లూ నీతో ఒక్క మాట చెప్పకుండా ఇది కోసేసి జనానికి చూపించాను, నాదే తప్పు" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏందిరా అబ్బాయ్, దీనికి ఇంత మథనపడ్డావా? చెప్తే నేనేమన్నా కొడతానా?" అన్నాడు. తర్వాత, "అయినా గడ్డి ఉంటే పాములు చేరతాయి. రాత్రి పూట నీళ్లు పెట్టుకునేది నేనే గదా" అన్నాడు. ఆ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. నా ఫొటోల్లో ఆయన గట్టు ఉంది కానీ, రాత్రిపూట టార్చిలైటుతో ఆ గట్టు మీద నడిచే ఆయన కాళ్లు లేవు.

ఒప్పందం ఇలా కుదిరింది. బోదె పక్కన నడిచే బాట మేర గడ్డి నేనే బ్రష్ కట్టర్‌తో పదిహేను రోజులకోసారి కోయాలి. మా వైపు మూరెడు మేర ఆయన మందు కొట్టించడు. ఆయన వైపు మాత్రం ఆయన ఇష్టం. ఆగస్టులో ఆయన వైపు కొట్టించాడు కూడా. వీడియో చివర్లో గట్టు నిలువునా రెండు రంగుల్లో కనపడుతుంది, చూడండి. మా వైపు బంతి, కంది ఇప్పుడు మోకాలెత్తు వచ్చాయి.

ఈ రెండు రంగుల గట్టు ఫొటోనే కిందటి వారం కస్టమర్ల గ్రూపులో ఉన్నదున్నట్టు పెట్టాను. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఆవిడ మాత్రం రెండో వైపు ఎప్పుడు పచ్చబడుతుందని అడిగింది. బాబాయ్‌ని అడిగి చెప్తానన్నాను. నిన్న మబ్బుగా ఉండి గడ్డి కోయడం కుదర్లేదు, రేపు పొద్దున్నే బ్రష్ కట్టర్‌లో పెట్రోలు పోసుకుని పోవాలి.