తోటివారి తరగతిలోకి

2014 జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, బడిలో ఇంటర్న్‌షిప్ 20 వారాలైంది. తోటి ఛాత్రోపాధ్యాయుల పాఠాలు చూసి రాయడమూ ఆ శిక్షణలో భాగమే. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో బడి పాఠాలు మొదలయ్యాక తెర మీది బోధన మన పల్లెలకూ తెలిసొచ్చింది. జగిత్యాలలో ఉన్న ఛాత్రోపాధ్యాయులు ఇప్పుడు బస్సెక్కకుండానే కోరుట్ల, సిరిసిల్ల తరగతుల్ని ఫోన్‌లో తీసిన వీడియోల్లో చూడొచ్చు.

అయితే ఫోన్ నల్లబల్ల వైపే ఉంటే, జవాబు చెప్పబోయి ఆగిపోయిన చివరి బెంచీ పిల్ల కనిపించదు. బడి అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం తీసుకుని కెమెరాను పిల్లల వైపు తిప్పాలి. ప్రశ్న అడిగాక టీచర్ ఎంతసేపు ఆగారో రాసుకోవాలి.

తోటివారి పాఠాన్ని నేర్చుకునే కళ్లతో చూడాలన్నదే ఈ సంచిక రచనలన్నిటినీ కలిపే మాట. చదవండి, మీ పరిశీలనలూ మాకు రాయండి.

– సంపాదకవర్గం